ఖాళీ కుర్చీల సంగతి: ఆండ్రూ లక్ గారికి బహిరంగ లేఖ

ఆండ్రూ లక్ గారికి,

నేనుండేది సన్నీవేల్‌లో, మీ స్టాన్‌ఫర్డ్ స్టేడియానికి కారులో పావుగంట దూరం. ఈ ఉత్తరం తెలుగులో రాయడానికి కారణం ఉంది. మీ స్టేడియంలో ఖాళీగా మిగిలిపోతున్న కుర్చీల్లో కూర్చోదగిన వాళ్లు చాలామంది ఇంట్లో మాట్లాడేది ఈ భాషే. మీకు చదివి వినిపించడానికి మీ క్యాంపస్‌లోనే తెలుగు పిల్లలు బోలెడుమంది దొరుకుతారు.

ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చారంటే మా ఇళ్లల్లో ఒక ఆనవాయితీ ఉంది. మొదటి శనివారం గోల్డెన్ గేట్ వంతెన, రెండో శనివారం స్టాన్‌ఫర్డ్. ఓవల్ పచ్చిక మీద ఒక ఫొటో, మెమోరియల్ చర్చి ముందు ఒకటి, హూవర్ టవర్ పైకెక్కి ఇంకొకటి. "మన బుజ్జిగాడు ఇక్కడే చదవాలిరా" అని తాతగారు ఒక మాట అనేస్తారు. ఎనిమిదో క్లాసు బుజ్జిగాడు షూ లేసులు చూసుకుంటూ నిలబడతాడు. తర్వాత అందరూ కారెక్కి ఎల్ కమినో రియల్ మీదుగా దోసెల హోటల్‌కి బయల్దేరతారు. దారిలో యూకలిప్టస్ చెట్ల వెనకాల 50 వేల మంది పట్టే స్టేడియం ఉంటుంది. అటువైపు ఎవరూ తల తిప్పరు. అక్కడ ఆట చూడటానికి తమని కూడా రానిస్తారన్న ఆలోచనే మావాళ్లకి రాదు.

లక్ గారూ, మీరు 2024 నవంబరులో స్టాన్‌ఫర్డ్ ఫుట్‌బాల్‌కి జనరల్ మేనేజర్‌గా వచ్చారు. కోచ్‌ని పెట్టుకోవడం, ఆటగాళ్లని ఎంచుకోవడం, విరాళాలు సేకరించడం, టికెట్లు అమ్ముకోవడం అన్నీ మీ నెత్తినే ఉన్నాయి. జట్టు 2021 నుంచి 2024 వరకు వరుసగా నాలుగేళ్లు మూడేసి మ్యాచ్‌లు గెలిచి తొమ్మిదేసి ఓడింది. 2025 మార్చిలో కోచ్‌ని తప్పించి, ఆ సీజన్‌కి మీ పాత గురువు ఫ్రాంక్ రైక్‌ని కూర్చోబెట్టారు. గెలుపులు నాలుగయ్యాయి. ఇప్పుడు టవిటా ప్రిచర్డ్‌ని తెచ్చారు. 2007లో 41 పాయింట్ల తేడాతో చిత్తవుతారనుకున్న మ్యాచ్‌లో యూఎస్‌సీని 24-23తో ఓడించిన క్వార్టర్‌బ్యాక్ ఆయనే. తర్వాత ఆ చోటు మీకు వదలాల్సి వచ్చిందీ ఆయనే. ఈ ఎంపిక నాకు నచ్చింది. ఆట గురించి మీకు చెప్పేంతటివాణ్ణి కాదు కాబట్టి ఆ విషయం ఇక్కడితో వదిలేస్తాను. నా మాటలు రెండిటి గురించే: డబ్బు, జనం.

ముందు డబ్బు. మా పాఠకులకి కాస్త వివరం ఇవ్వాలి. ఒకప్పుడు అమెరికా కాలేజీ ఆటగాడికి ఫీజు, భోజనం, వసతి దొరికేవి. చేతికి జీతమంటూ ఉండేది కాదు. 2021 జూలై నుంచి తన పేరునీ ముఖాన్నీ ప్రకటనలకి అమ్ముకోవచ్చన్నారు. 2025 జూన్‌లో, ఆటగాళ్లు వేసిన హౌస్ కేసు రాజీకి జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదముద్ర వేశాక కాలేజీలే నేరుగా ఆటగాళ్లకి డబ్బు పంచుతున్నాయి. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. అందులో పెద్ద వాటా సహజంగానే ఫుట్‌బాల్‌కి పోతుంది. (ఎఫ్-1 వీసా మీద వచ్చిన ఆటగాళ్లకి మాత్రం ఈ డబ్బు ముట్టుకోవాలంటే బోలెడు చిక్కులు. ఆ బాధ మావాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు.)

ఇంత ఖర్చు మీద పడే వేళకే మీ పాత లీగు పాక్-12 చెదిరిపోయింది. పసిఫిక్ ఒడ్డున ఉన్న కాలేజీ 2024లో అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరింది. బోస్టన్‌కీ మయామీకీ విమానాలెక్కి వెళ్లి ఆడుతోంది. పోనీ టీవీ డబ్బయినా నిండుగా వస్తుందా అంటే, మొదటి ఏడేళ్లూ మిగతావాళ్ల వాటాలో సుమారు 30 శాతమే. అంటే మిగిలింది దాతల దయ. 2025లో బ్రాడ్‌ఫర్డ్ ఫ్రీమన్ అనే పూర్వ విద్యార్థి ఫుట్‌బాల్ కోసం 5 కోట్ల డాలర్లిచ్చారు. మీరు పనిలోకి దిగిన ఏడాదిలోపే అంత మొత్తం రావడం చిన్న విషయం కాదు.

అయితే ఆ వార్త వచ్చిన నెలల్లోనే ఇంకో వార్త కూడా చదివాం. బడ్జెట్‌లో 14 కోట్ల డాలర్లు కోసుకోవాలని విశ్వవిద్యాలయం ప్రకటించింది. ఉద్యోగాలూ పోయాయి. ఇంత నిధి మీద కూర్చుని ల్యాబుల్లో మనుషుల్ని తీసేసి బంతాటకి డబ్బు పోస్తారా అని మా వాట్సాప్ గ్రూపుల్లో పెద్ద రగడే జరిగింది. ఆ మాటలో సగమే నిజం. తిరుమలలో అన్నప్రసాదం ట్రస్టుకి ఇచ్చిన డబ్బు అన్నానికే పోవాలి, ఇంకో పద్దుకి మళ్లించకూడదు. దాత ఫుట్‌బాల్‌కని రాసిచ్చిన సొమ్మూ అంతే. కానీ ఈ సంగతి మీరు బయటికి చెప్పరే! దాత ఫొటో వేస్తారు, మొత్తం వేస్తారు. ఆ డబ్బు దేనికి ఎంత పోతుందో, ఆటగాళ్ల చేతికి ఎంత వెళుతుందో, మిగతా ఆటలకి దమ్మిడీ అయినా మిగులుతుందో లేదో చెప్పరు.

మిగతా ఆటల మాట ఎందుకెత్తానంటే, 2020 జూలైలో స్టాన్‌ఫర్డ్ డబ్బు చాలడం లేదని ఒక్కసారిగా 11 ఆటలు ఎత్తేస్తామంది. పిల్లలు, పూర్వ విద్యార్థులు గోల చేసి, కోర్టుకి కూడా వెళ్లాక 2021 మేలో వెనక్కి తగ్గింది. ఈత, ఫెన్సింగ్, రోయింగ్ లాంటి ఆటలవల్లే మీ విద్యార్థులూ పూర్వ విద్యార్థులూ పారిస్ ఒలింపిక్స్‌లో 39 పతకాలు తెచ్చారు. చాలా దేశాలకి అన్ని రాలేదు. ఫుట్‌బాల్ గెలిస్తే ఆ ఆటలు బతుకుతాయని మీరు అంటారు. నమ్ముతాను. ఏటా ఒక పేజీ లెక్క బయట పెడితే మరీ నమ్ముతాను.

డొనేషన్ అన్న మాట చెవిన పడితే చాలు, మా తెలుగువాళ్లకి మేనేజ్‌మెంట్ కోటా గుర్తొస్తుంది. ఎంసెట్ ర్యాంకు ఎక్కడో ఉన్నా కట్టలు తెచ్చినవాడికి సీటిచ్చిన కాలేజీలు చూసి పెరిగాం. గేటు అమ్ముకున్న కాలేజీ పేరు ఎలా పడిపోతుందో మాకు బాగా తెలుసు. స్టాన్‌ఫర్డ్ ఆ వాసనకి అతీతమేమీ కాదు. 2019లో బయటపడ్డ అడ్మిషన్ల కుంభకోణంలో మీ సెయిలింగ్ కోచే నేరం ఒప్పుకున్నాడు. ఆ డబ్బు అతని జేబులోకి కాదు, సెయిలింగ్ జట్టు ఖాతాలోకి వెళ్లింది. నన్ను ఎక్కువ భయపెట్టేది అదే. జట్టు బాగు కోసమే అనుకుంటే మనిషి ఎంత దూరమైనా వెళతాడు.

అందుకే మీ గేటు విషయంలో నాదొక విన్నపం. నూటికి నలుగురికి కూడా సీటు రాని బడి అది. ఇప్పటి ఫుట్‌బాల్‌లో ఆటగాళ్లు ఏటా కాలేజీలు మారుతుంటారు. మీ దగ్గర్నుంచి వెళ్లిపోవడం తేలిక, మీ దగ్గరికి రావడం కష్టం. అడ్మిషన్ ఆఫీసు చదువు చూస్తుంది. ఓడినప్పుడల్లా మీ అభిమానులు దీన్నే సాకుగా చూపిస్తారు. గేటు కొంచెం సడలిస్తే తప్పేమిటంటారు. సడలించకండి. మీ దగ్గర అమ్మడానికి ఉన్న సరుకే ఆ గేటు. రేపు ఏ టీవీ ప్రకటనలోనో మీ జట్టునీ ఫుట్‌బాల్ దిగ్గజం అలబామానీ పక్కపక్కన నిలబెడితే జనం అలబామానే చూస్తారు. మీ లైన్‌బ్యాకర్‌ బుధవారం రాత్రి ఏ పరీక్షకి చదువుకుంటున్నాడో చూపిస్తే మావాళ్ల ఇళ్లల్లో కనీసం తల్లులు టీవీ ముందు ఆగుతారు.

చదువు బడి గెలవలేదన్న మాట కూడా ఇప్పుడు చెల్లదు. ఒకప్పుడు ఎగతాళి పాలైన వాండర్‌బిల్ట్ 2024లో అలబామాని ఓడించింది. 2025 రెగ్యులర్ సీజన్‌లో పన్నెండు మ్యాచ్‌ల్లో పది గెలిచింది. డల్లాస్‌లోని ఎస్‌ఎంయూ కథ ఇంకా విచిత్రం. ఆటగాళ్లకి చాటుగా డబ్బిచ్చినందుకు 1987లో దాని సీజన్ మొత్తాన్నే రద్దు చేశారు. ఇప్పుడదే పని చట్టబద్ధం. ఆ కాలేజీ దాతలు జేబులు గుల్ల చేసుకుంటే, 2024లో మీతోపాటే మీ లీగులోకి వచ్చి మొదటి ఏడాదే ప్లేఆఫ్‌కి చేరింది. ఈ రెండు దారుల్లో మీది ఎస్‌ఎంయూ దారి కాకూడదని నా కోరిక. డల్లాస్ డబ్బుకి తక్కువేం కాదు మీ ఊరి డబ్బు. కానీ అక్కడ ఊరంతా ఆట చుట్టూ తిరుగుతుంది. ఇక్కడ ఊరికి ఆటే తెలియదు.

అసలు ఫుట్‌బాలే వద్దనుకున్నవాళ్లూ ఉన్నారు. షికాగో విశ్వవిద్యాలయం అధ్యక్షుడు హచిన్స్ 1939లో ఫుట్‌బాల్ ఎత్తేశాడు. కాలేజీ ఫుట్‌బాల్‌లో మేటి ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీని మొట్టమొదట గెలిచినవాణ్ణి తయారుచేసిన జట్టది. మూడేళ్లకి, 1942 డిసెంబరులో, ఆ పాడుబడ్డ స్టేడియం మెట్ల కిందే శాస్త్రవేత్త ఫెర్మీ బృందం మొదటి అణు రియాక్టర్‌ని నడిపింది. అంతకంటే గొప్ప ఉపయోగం ఏ స్టేడియానికీ దొరకదని మా మిత్రుడొకాయన వాదిస్తుంటాడు. ఆయన ఇంజనీరు లెండి. నేను ఒప్పుకోను. ఆ కాలేజీయే 1969లో మళ్లీ ఫుట్‌బాల్ మొదలుపెట్టింది, చిన్న స్థాయిలో.

ఇక జనం సంగతి. స్టాన్‌ఫర్డ్ క్లాసులు సెప్టెంబరు మూడో వారం దాటితేగాని మొదలవవు. ఫుట్‌బాల్ ఆగస్టు చివర్లోనే మొదలవుతుంది. 2024లో టీసీయూ, కాల్ పాలీ జట్లు మీ ఊరికొచ్చినప్పుడు, 2025 సెప్టెంబరు 13న బోస్టన్ కాలేజీ వచ్చినప్పుడు మీ విద్యార్థుల్లో ఎక్కువమంది ఇంకా ఇళ్ల దగ్గరే ఉన్నారు. వేరే కాలేజీల్లో విద్యార్థుల గ్యాలరీ అరుపులతో దద్దరిల్లే సమయంలో మీ గ్యాలరీ నిండాలంటే పొరుగువాళ్లే దిక్కు. ఆ పొరుగువాళ్లం మేము. కూపర్టినో, సన్నీవేల్, శాన్ హొసే, ఫ్రీమాంట్. శనివారం పిల్లల్ని తీసుకుని ఎక్కడికైనా వెళ్దామని వెతుక్కునేవాళ్లం. 2025 జూన్‌లో ఓక్లాండ్ కొలీజియంలో మేజర్ లీగ్ క్రికెట్ పెడితే అంత దూరం వెళ్లి చూశాం. మ్యాచ్ రోజుల్లో మాత్రమే ఆగే కాల్‌ట్రెయిన్ స్టేషను మీ స్టేడియం పక్కనే ఉందని మావాళ్లలో ఎంతమందికి తెలుసంటారు?

అన్నట్టు, 2025లో మీ జట్టు గెలిచిన నాలుగు మ్యాచ్‌లూ సొంత మైదానంలోనే గెలిచింది. బోస్టన్ కాలేజీ మీద, శాన్ హొసే స్టేట్ మీద, ఫ్లోరిడా స్టేట్ మీద, చివరికి బర్క్లీ మీద 31-10తో. ఇంటికొచ్చినవాళ్లకి గెలుపు చూపించగల జట్టని చెప్పుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? ఈ ముక్క మాదాకా రాలేదు. మీ ప్రకటనలన్నీ ఇప్పటికే స్టాన్‌ఫర్డ్‌లో చదివినవాళ్ల ఇన్‌బాక్సులకే వెళతాయి.

పిలవడం కష్టమేం కాదు. సెప్టెంబరు మ్యాచ్‌లకి నలుగురి కుటుంబానికి ఒకే ధర పెట్టండి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలన్న సంగతి తెలియక మావాళ్లు రెండు గంటలు దిక్కులు చూస్తూ కూర్చుంటారు. గేటు దగ్గర ఆట నిబంధనలు రాసిన ఒక్క కాగితం చేతిలో పెట్టండి. హాట్‌డాగ్ తినని పెద్దవాళ్లకి తినడానికి ఏదో ఒకటి ఉండేలా చూడండి. తాతగారు ఓవల్ దగ్గర బుజ్జిగాడి గురించి అనే మాట ఉంది చూశారూ, దాన్ని స్టేడియందాకా తీసుకురండి. ఆట ముగిశాక మీ ఆటగాడు ఒకడొచ్చి తన మేజర్ ఏమిటో, అందులో ఏ సబ్జెక్టు తనని ఏడిపించిందో పిల్లలకి చెబితే, ఆ కుటుంబం మళ్లీ వస్తుంది. మీరే ఆర్కిటెక్చర్ డిగ్రీ పుచ్చుకుని ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లి, 29 ఏళ్లకే ఆట వదిలేసి, మళ్లీ అదే బడికి వచ్చి మాస్టర్స్ చేసినవారు. మైకు ముందుగా మీరే పట్టుకోవచ్చు.

మా వాళ్లందరూ ఫొటో దిగే టవర్‌కి పేరున్న హెర్బర్ట్ హూవర్, విద్యార్థిగా మీ ఫుట్‌బాల్ జట్టు డబ్బు లెక్కలు చూసేవాడు. 1892 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో బర్క్లీతో మొదటి మ్యాచ్. అచ్చేసిన టికెట్లు చాలనంత జనం రావడంతో గేటు దగ్గర వెండి, బంగారు నాణేలే వసూలు చేశారట. తీరా ఆట మొదలుపెట్టే వేళకి ఎవరూ బంతి తేలేదు. ఎవర్నో పంపించి తెప్పించాల్సి వచ్చింది. ఇప్పుడు మీ దగ్గర బంతి ఉంది, కోచ్ ఉన్నాడు, 5 కోట్ల డాలర్లున్నాయి. గేటు దగ్గరే ఎవరూ లేరు.

వచ్చే సెప్టెంబరు మ్యాచ్‌ల టికెట్ల గురించి ఇక్కడి తెలుగు సంఘాలకి జూలైలోగా కబురు పంపండి. ఆ నిబంధనల కాగితాన్ని తెలుగులోకి మార్చే పని నాకొదిలేయండి, రుసుం ఏమీ అక్కర్లేదు. లెక్కల పేజీ మాత్రం మీరే రాయాలి.

ఇట్లు,
సన్నీవేల్ నుంచి మీ పొరుగువాడు