చెవితో చదివిన నవల

కంటిలో శుక్లానికి ఆపరేషను అయింది. కొన్నాళ్ళు పుస్తకం జోలికి పోవద్దన్నారు డాక్టరుగారు. అన్నం మానమన్నా అంత బాధపడేదాన్ని కాదు సుమండీ! నా అవస్థ చూడలేక మా అమ్మాయి సెల్‌ఫోనులో డికెన్స్ నవల 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' పెట్టి, "వింటూ కూచో, అమ్మా" అని ఆఫీసుకు వెళ్ళిపోయింది. ఎవరో ఇంగ్లీషాయన చదువుతున్నాడు. మొత్తం పద్దెనిమిది గంటల పైచిలుకట!

వింటే చదివినట్టేనా అని మావారి సందేహం. ఆయనకు సందేహాలు జాస్తి. పురాణ కాలక్షేపంలో భారతం విన్నవాళ్ళెవరూ తమకు భారతం తెలియదనుకోలేదు గదా అన్నాను. ఆ మాటకొస్తే ఈ నవల కూడా 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా డికెన్స్ సొంత వారపత్రికలో సీరియల్‌గా వచ్చిందే. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఇంట్లో ఒకరు పైకి చదువుతుంటే తక్కినవాళ్ళు కుట్టుపని చేసుకుంటూ వినేవారు. డికెన్స్ తానే ఊరూరా తిరిగి, టిక్కెట్లు పెట్టి తన రచనలు చదివి వినిపించేవాడు. ఈ నవలనూ అందుకు సిద్ధం చేసుకున్నాడు గాని, సభలో చదవనే లేదు. ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫు కనిపెట్టి, మరుసటి ఏడే అది చూపులేనివారికి పుస్తకాలు వినిపిస్తుందని రాశాడు. ఇప్పుడు సరే, 2005లో మొదలైన లిబ్రివాక్స్‌లో కాపీరైటు తీరిన పుస్తకాలను ఔత్సాహికులు చదివి ఉచితంగా అందిస్తున్నారు.

బి.ఏ.లో ఇది నాకు పాఠ్యపుస్తకం. పరీక్షకోసం వర్ణనలన్నీ దాటేసి కథ మాత్రం పట్టుకున్నాను. ఫోనులోనూ దాటించే మీట ఉందట. ఎక్కడుందో నాకు తెలియలేదు. అదే మంచిదయింది.

27వ అధ్యాయం వచ్చింది. చిన్నప్పుడు పిప్‌ను కడుపులో పెట్టుకు చూసిన బావ, కమ్మరి జో, లండనులో దొరబాబైపోయిన అతణ్ణి చూడవస్తాడు. టోపీ ఎక్కడ పెట్టాలో తెలియదు; పెట్టినచోట నిలవక జారిపడుతూంటుంది. కాలేజీలో ఆ టోపీని తలుచుకుని నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రాలేదు. జో నోట 'సర్' అన్నప్పుడల్లా ఆ గొంతు బిగుసుకుపోతోంది. వెళ్ళేముందు 'పిప్' అని మాత్రం మెత్తగా పిలిచాడు.

హాస్టలుకు ఒకసారి మా నాన్న వచ్చాడు, సున్నుండల డబ్బా పట్టుకుని. తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకు నిలబడ్డాడు. ఎవరని స్నేహితురాలు అడిగితే, "మా ఊరివాళ్ళు" అన్నాను. ఆయన విన్నాడు. డబ్బా బల్లమీద పెట్టి, బస్సుకు వేళయిందని వెళ్ళిపోయాడు. పోయేదాకా ఆ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

"కళ్ళు తడవకూడదన్నారు గదా డాక్టరుగారు!" అంటూ మావారు గదిలోకి వచ్చారు. ఫోను ఆపాను. జరిగింది చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, కుర్చీ దగ్గరగా లాక్కున్నారు.

"ఏదీ, ఆ అధ్యాయం మొదటినుంచీ పెట్టు" అన్నారు.