ఆవలి ఒడ్డున దీపం

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూస్తూనే ఉన్నాం. దాటాక కూడా తెప్పను దాచుకున్న ఒక మనిషి కథ చేతికందగానే ఈ సంచికకు ‘రేవు’ అని పేరు పెట్టేశాం.

అమెరికాలో ఒహాయో నది. దక్షిణపు ఒడ్డు కెంటకీ, అప్పట్లో అక్కడ బానిసత్వం చట్టబద్ధం. ఉత్తరాన రిప్లీ అనే చిన్న ఊరు. 1845లో 1,800 డాలర్లు కట్టి తనను తానే కొనుక్కున్న జాన్ పార్కర్ అక్కడ ఇనుప పోత కార్ఖానా పెట్టాడు. పగలు పోత పని, రాత్రి పడవ. పారిపోయి వచ్చేవాళ్ల కోసం మళ్లీ మళ్లీ కెంటకీ ఒడ్డుకే వెళ్లేవాడు. గుట్ట మీద పాస్టర్ జాన్ రాంకిన్ ఇంటి దీపం వాళ్లకు ఆనవాలు. పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలనే 1850 చట్టం వచ్చాక ఒడ్డు చేరినా నిలవ నీడ లేదు; కెనడా దాకా పోవాల్సిందే.

నేటి వలసల వార్తల్లో సరిహద్దులూ అంకెలే తప్ప పడవ వేసినవాళ్లు కనిపించరు. మా రచయితల చూపంతా వాళ్ల మీదే. వీరగాథలు మాత్రం వద్దన్నాం (వచ్చిన ఒకటి రెండు తిప్పి పంపాం కూడా).

పార్కర్ జ్ఞాపకాల్లో ఒక రాత్రి ఉంది. పడవలో చోటు చాలక ఇద్దరు ఒడ్డునే మిగిలారు. ఒకతని భార్య పడవలో ఉంది. అది చూసి, ఒంటరివాడొకడు లేచి, ఆ భర్తకు చోటిచ్చి దిగిపోయాడు. దిగిపోయిన ఆ మనిషిని తలుచుకుంటూనే ఈ పేజీలు కూర్చాం.