కాలనీ పెద్దమనుషుల కోపం సగం నిజమే

పోస్టు కొంచెం పొడుగున్నది, ఓపికతోని చదవండి.

"హాస్టళ్లు వచ్చి మా గల్లీ ఖరాబైంది" అనే మాట హైదరాబాద్ అశోక్‌నగర్, చిక్కడపల్లి దిక్కు చదువుకున్నోళ్లందరికీ తెలిసిందే. ఇప్పుడు కరీంనగర్‌ల, సిరిసిల్లల కూడా మా చెవుల పడుతున్నది. మేము వీర్నపల్లి మండలం తండాల నుంచి వచ్చి చదువుకుంటున్నోళ్లం. మా ఇండ్లల్ల కాలేజీ మొఖం చూసింది మేమే మొదలు. కొందరికి గవర్నమెంట్ హాస్టల్‌ల సీటు దొరికింది, దొరకనోళ్లు ప్రైవేటు హాస్టళ్లల్ల బెడ్డు కిరాయికి ఉన్నరు. ఆ మాట మా గురించే కాబట్టి మేము కూడా ఒకటి చెప్పాలె.

మా వాళ్లు ఉన్న ఒక గల్లీల రిటైరైన పెద్దాయన ఉండె. ఆయన లెక్క సాఫ్ సీదా: "ఈ జాగల ఒక కుటుంబం ఉండేది. ఇప్పుడు అరవై మంది ఉంటున్నరు. నల్లా అదే, మోరీ అదే, ట్రాన్స్‌ఫార్మర్ అదే." ఇందుల అబద్ధం ఏమున్నది? పొద్దున ఆరు గంటలకు బాత్‌రూమ్ ముందట బకెట్ పట్టుకొని లైన్ల నిలబడేది మేమే. ప్లైవుడ్ అడ్డం పెట్టి ఒక రూమును రెండు చేస్తే, కిటికీ లేని సగంల పండేది కూడా మేమే. ఇరుకు గురించి ఆయనకంటే మాకే ఎక్కువ ఎరుక.

ఇరుకు ప్రాణం మీదికి కూడా తెస్తది. 2024 జూలై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేందర్ నగర్‌ల కోచింగ్ సెంటర్ సెల్లార్‌లకు వాననీళ్లు వచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయిండ్రు. ఆ సెల్లార్‌కు పర్మిషన్ ఉన్నది సామాను పెట్టుకునేటందుకు, నడిపింది లైబ్రరీ. అదే ఏడాది నవంబర్‌ల గచ్చిబౌలి సిద్ధిఖ్‌నగర్‌ల పక్క జాగల పునాదికి గుంత తవ్వితే ఒక సన్నటి బిల్డింగ్ ఒరిగింది. లోపలోళ్లు కట్టుబట్టలతోని బయటికి ఉరికిండ్రు, తెల్లారి దాన్ని కూలగొట్టిండ్రు. మన దగ్గర రూల్ లేదా అంటే, ఉన్నది. 2020ల వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు జాగల ఇల్లు కడితే పర్మిషన్ అక్కర లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే సాలు. కానీ అది కింద ఒకటి, మీద ఒక అంతస్తు వరకే. దాని మీద ఇంకో రెండు లేస్తుంటే గల్లీ అంతా చూస్తది, ఆఫీసు చూడది.

ఇంతవరకు పెద్దాయన, మేము ఒక్కటే. ఆయన తర్వాత అన్న మాట దగ్గరనే మాకు కుదరది: "ఫ్యామిలీలకు తప్ప ఎవరికీ ఇయ్యొద్దు, పిల్లలను పంపియ్యాలె."

మేము ఎక్కడికి పోవాలె? ముగ్గురం కలిసి చిన్న ఇల్లు తీసుకుందామని పోతే, ఊరి పేరు కంటె ముందు "మీరేమిటోళ్లు?" అని అడుగుతరు. లంబాడోళ్లం అంటే, అప్పటిదాక ఖాళీ ఉన్న ఇల్లు అప్పుడే ఎవరికో మాటిచ్చి ఉంటరు. కూర వండుకుంటరా అని ఇంకో ప్రశ్న. హాస్టల్‌ల ఈ బాధ లేదు, పైసలిస్తే బెడ్డు ఇస్తరు. మేము ఇరుకును ఇష్టపడి పోతలేం, ఇంకో తలుపు తెరుచుకోక పోతున్నం.

అసలు ఈ ఇరుకుల ఎవరికి లాభమో చూడండి. ఇంటి ఓనర్ బిల్డింగ్ మొత్తం ఒకాయనకు లీజుకు ఇచ్చి వేరే దిక్కు పెద్ద ఇంట్ల ఉంటడు. ఉదాహరణకు లీజు నెలకు లక్ష అనుకుందాం. నలభై బెడ్లు, బెడ్డుకు 6,000 అంటే 2,40,000. తిండి, కరెంటు పోను ఇంకా మిగలాలంటే ఏం చేస్తడు? ముగ్గురున్న రూముల నాలుగో మంచం ఏస్తడు. మంచాలు పెరిగితే కిరాయి తగ్గాలె కదా, తగ్గది. వద్దంటే పోయేటందుకు ఇంకో చోటు లేదని వానికి తెలుసు. కిరాయిల మీద 1960 నుంచి చట్టం ఉన్నది కానీ కార్పొరేషన్ల నెలకు 3,500 దాటిన ఇంటికి అది వర్తించది. మా చేతుల అగ్రిమెంటు కాయితం కూడా ఉండది. అడ్వాన్స్ తిరిగి ఇయ్యకపోతే ఎవరికి చెప్పుకోవాలె?

మా ఇండ్ల లెక్కల చూస్తే, 2025-26ల ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. యాడి, బాపు వంద రోజులు పనిచేస్తే ఇంటికి 30,700. ఒక్క బెడ్డుకు అయిదు నెలలు. గవర్నమెంట్ హాస్టల్‌ల కాలేజీ పిల్లలకు డైట్ చార్జీ 1,500 నుంచి 2,100 చేసింది కూడా 2024 చివరనే. అదీ సీటు దొరికినోళ్లకు.

ఇది హైదరాబాద్ ముచ్చట అనుకోకండి. సాంచల చప్పుడు తప్ప ఏం లేదనుకున్న సిరిసిల్ల 2016ల జిల్లా అయింది. 2021ల జేఎన్టీయూ ఇంజినీరింగ్ కాలేజీ, 2023ల 100 సీట్ల మెడికల్ కాలేజీ వచ్చినయి. అగ్రికల్చర్ కాలేజీ జిల్లెల్లల ఉన్నది. మంచిదే, మాకు దగ్గరైంది. కానీ వీర్నపల్లి, మద్దిమల్ల, అడవి పదిర తండాల నుంచి రోజూ పొద్దుగాల క్లాసుకు అందుకునేటట్టు బస్సుల మీద నమ్మకం పెట్టుకోలేం. టౌన్ల ఉండాల్సిందే. అప్పుడు ఇండ్లోళ్లకు బెడ్ల లెక్క తెలుస్తది. ఆ లెక్క తెలిసినంక ముందుగ ఇల్లు ఖాళీ చేసేది ఎవరు? మీటరు లెక్కన కూలి తీసుకునే సాంచల కార్మికుడు. కిరాయి ఇంట్ల ఉన్న పద్మశాలి కుటుంబం, మేము ఒకే గదికి పోటీ పడితే గెలిచేది ఇంటి ఓనరే. అందుకే సిరిసిల్ల పెద్దమనుషులు మమ్ములను కాదు, ఓనర్లను, మున్సిపాలిటీని నిలదీయాలని మేమంటున్నం.

ఇంకొకటి, దీని గురించి మన గ్రూపుల కూడా తక్కువ మాట్లాడుతం. బెడ్డు దొరకకపోతే మొగపిల్లగాడు దోస్తు రూముల చాప ఏసుకొని పంటడు. ఆడపిల్లకు ఆ దారి లేదు. "హాస్టల్ సీటు వస్తెనే పో, లేకుంటే వద్దు" అని ఇంట్ల ఖరారుగ చెప్తరు. తాళం లేని రూముల, సందుల చివరి బిల్డింగ్‌ల బిడ్డను ఉంచుమంటే మేమైనా ఎట్ల చెప్తం? యాడి బాపును తప్పు పట్టుడు అలకగ ఉంటది. ఇంటర్ల మాకంటె మంచి మార్కులు తెచ్చుకున్న చెల్లెండ్లు పత్తి చేన్ల ఉన్నరు. కొందరికి పెండ్లయింది.

కాలేజీ మంజూరు చేసే జీవోలనే హాస్టల్ సీట్లు ఎన్నో రాయాలె, ఆడపిల్లలవి ముందుగాల. ప్రైవేటు హాస్టల్ ఏదైనా రూముకు ఎన్ని బెడ్లు, బెడ్డుకు ఎంత కిరాయి అనేది గేటు మీద రాసి పెట్టాలె. రెండో మెట్లు లేని బిల్డింగ్‌కు హాస్టల్ బోర్డు ఉండొద్దు.

ఈసారి సిరిసిల్ల కాలేజీలల్ల చేరే తమ్ముళ్లు, చెల్లెండ్లల్ల ఎంతమందికి సీటు వచ్చింది, ఎంతమందికి రాలేదు అని తండాకొకరం పేర్లు రాస్తున్నం. గర్జనపల్లి దిక్కు ఎవరైనా ముందుకు రావాలె, అక్కడ ఇంకా ఎవరూ లేరు. కలెక్టరేట్‌ల సోమవారం ప్రజావాణి ఉంటది. కాలనీ పెద్దమనుషులు మోరీ గురించి అర్జీ పట్టుకొని వస్తే, అదే లైన్ల మా కాయితం పట్టుకొని మేము కూడా ఉంటం.