కుళాయి నీటికి కొలత

అరకులోయ చుట్టునున్న కొండలలో అనేక గ్రామములకు ఊటనీరే ఆధారము. ఊటకడ బిందె నింపి మోసికొనివచ్చు స్త్రీకి నీటి విలువను వేరొకరు చెప్పనక్కరలేదు. బిందె బరువే ఆమెకు కొలత.

ఆ కొండలలోనే, అనంతగిరి ప్రాంతమున గోస్తనీ నది పుట్టి, బొర్రా గుహల అడుగున ప్రవహించి, తాటిపూడి జలాశయమును చేరుచున్నది. అచ్చటినుండి నీరు విశాఖపట్టణమునకు అందుచున్నది. పట్టణమున కుళాయి త్రిప్పువారికి బరువు తెలియదు. కావున కొలతను మరచుచున్నారు.

మంచి పరికరములు ఆ కొలతను నిలుపగలవు. పాత మరుగుదొడ్డి తొట్టి ఒక్కమారు 10 లీటర్లకు పైగా నీరు వదలును. రెండు మీటల తొట్టి అవసరమును బట్టి 3 లేక 6 లీటర్లు మాత్రమే వదలును. కుళాయి మూతికి గాలిని కలుపు జాలీ బిగించినచో కొద్ది నీటితోనే చేతులు శుభ్రపడును. ముందువైపు తలుపుగల బట్టలుతుకు యంత్రమునకు, పైమూత యంత్రముకంటె తక్కువ నీరు చాలును.

ఇవి ధనవంతుల వస్తువులని కొందరందురు. కొన్నిటికి వెల ఎక్కువే. కాని వాషరు మార్చుట ఎవరికి భారము? సెకనుకొక బొట్టు కారు కుళాయి దినమునకు 86,400 బొట్లను వ్యర్థపరచును.

2019లో ఆరంభమైన జల్ జీవన్ మిషన్ గ్రామములలో మనిషికి దినమునకు 55 లీటర్లు లక్ష్యముగా నిర్ణయించినది. పాత తొట్టిని ఆరుమార్లు వదలినచో అంతకు మించిన నీరు పోవును. కొండవారు బిందెలతో మోయుచుండగా, వారి కొండలనుండి వచ్చిన నీటిని పట్టణవాసులు వృథా చేయుట న్యాయము కాదు. పొదుపు ముందుగా కుళాయి ఉన్న ఇంటనే ఆరంభము కావలెను.