చీకటిగది చదువు

ఛాయాగ్రహణ చరిత్రకారులు చిత్రములను ముందుంచుకొని కర్తలను వెదకుదురు గనుక, చిత్రములు తీయుటకంటె తీయ నేర్పుటకే జీవితమును ధారపోసిన మారీ కుండ్ట్ వంటివారు వారి దృష్టి నుండి తప్పిపోవుట వింతగాదు. 1870లో ఉత్తర జర్మనీలోని నాయ్‌ష్ట్రెలిట్జ్ పట్టణమున జన్మించిన ఈ విదుషి, బెర్లిన్‌లోని లెటె సంఘమువారి ఛాయాగ్రహణ విద్యాలయమున బోధకురాలై, 1913లో దానికి అధ్యక్షురాలైనది.

ఆ సంఘమును 1866లో స్థాపించిన విల్హెల్మ్ ఆడోల్ఫ్ లెటె, స్త్రీలకు రాజకీయ సమానత్వము తమ ఆశయము గాదని నిర్మొగమాటముగా చెప్పిన పెద్దమనిషి. పెండ్లికాని మధ్యతరగతి యువతులు పుట్టింటివారికి భారము గాకుండ చేత నొక వృత్తి యుండవలెనన్నంతవరకే ఆయన దయ. దయకు మనము గీచిన గీటు వద్ద అది ఆగదు గదా! 1890లో ఆ విద్యాలయము తెరచునాటికి ప్రష్యా విశ్వవిద్యాలయములు స్త్రీలను విద్యార్థినులుగా చేర్చుకొనుటయే లేదు. 1908లో గాని ఆ తలుపులు తెరువబడలేదు.

1895 చివర రాంట్‌జెన్ ఎక్స్ కిరణములను కనుగొనగా, ఛాయాగ్రహణవిద్యకు ఆసుపత్రులలో క్రొత్త అక్కర యేర్పడినది. ఆ పనికి యువతులను శాస్త్రీయముగా తరిఫీదు చేసిన తొలి విద్యాలయములలో లెటె సంఘమువారిది యొకటి. వైద్యునకు యంత్ర మొక్కటి యున్న చాలదు. ఎర్రదీపపు మసక వెలుతురున గాజుపలకను డెవలపరులో ఆడించుచు, ఎముక యంచు తేరుదనుక ఓపికపట్టి, సరియైన క్షణమున బింబమును నిలుపు హైపో ద్రావణములోనికి మార్చగల చేయి కావలెను. తొందరపడిన నీడ పలుచనగును, ఆలసించిన పలకయంతయు మబ్బు క్రమ్మి సన్నని పగులు అందులో కలిసిపోవును. పైగా ఆ కిరణముల క్రౌర్యము తొలినాళ్లలో ఎవ్వరికిని తెలియదు. చేతులు కాలి, వ్రేళ్లు పోగొట్టుకొని, ప్రాణములనే యర్పించినవారి స్మృతికై 1936లో హాంబుర్గున శిలాస్తంభ మొకటి నెలకొల్పిరి.

ఇంత నైపుణ్యముగలవారిని లోకము సహాయకురాండ్రనియే పిలిచినది. రోగనిర్ణయముక్రింద సంతకము వైద్యునిదే. పలకను తేల్చిన చేయి అనామకము. ఇది న్యాయమని మేమనజాలము.

మారీ కుండ్ట్ 1932లో మరణించినది. ఆమె ఏలుబడిలోని విద్యాలయమున 1927 మొదలు రెండేండ్లు చదివిన ఛాయాగ్రాహకురాలు మారియానె బ్రెస్లావర్, అటుపిమ్మట పారిస్‌కు పోయి, సుప్రసిద్ధ ఛాయాగ్రాహకుడగు మాన్ రే వద్ద శిష్యరికము కోరగా, ఆయన తన తోడు లేకయే పని సాగింపుమని ఆమెను ప్రోత్సహించెనట.