పేరు పెట్టిన నిప్పు

వసంత్ కుంజ్‌లోని ఒక సినిమా హాలు నుంచి బయటకు వస్తూ, సెలవులకు మా ఇంటికి వచ్చిన మేనల్లుడు అడిగాడు: "మామయ్యా, ఒళ్ళంతా మంటలతో పరుగెత్తాడు కదా, అతను నిజంగా కాలలేదా?"

అవి కంప్యూటరు సృష్టించిన మంటలని చెప్పి తప్పించుకోవచ్చు. ఈనాడు తెరమీది జ్వాలలు చాలావరకు అటువంటివే. కాని అన్నీ కావు. మనిషి ఒంటికి నిజంగానే నిప్పంటించి, అతనిని క్షేమంగా ఇంటికి పంపే విద్య ఒకటున్నది.

ఆ విద్యలో సాహసం కన్న లెక్క ఎక్కువ. డూపుగా నటించేవాడు ముందుగా చల్లని జెల్లులో నానబెట్టిన లోదుస్తులను పొరలు పొరలుగా తొడుగుకుంటాడు. వాటిపైన మంటను తట్టుకొనే ఉడుపులు, అన్నిటికీ పైన పాత్ర వేషం. ఆ వేషం నూలుదో ఉన్నిదో కావలె. నైలాను వంటివి కరిగి చర్మానికి అతుక్కుంటాయి. ముఖానికి, చేతులకు, జుట్టుకు జెల్లు దట్టంగా పట్టిస్తారు. ఇంధనాన్ని ముందుగా నిర్ణయించిన చోట్లనే పూస్తారు. జ్వాలలు ముఖంమీదికి రాకుండా గాలికి ఎదురుగా నడిపిస్తారు. అతను ఊపిరి బిగబట్టవలె. ఒక్కసారి ఆ వేడిగాలి పీల్చినా శ్వాసనాళం కాలిపోతుంది. ఇంత శ్రమకూ దక్కేది కొద్ది సెకన్లు మాత్రమే. ఆ పైన వేడి జెల్లును దాటి లోపలికి దిగుతుంది. కనుక అతను బోర్లా పడుకోవడమే సంజ్ఞ. తడి దుప్పట్లతో, అగ్నిమాపక యంత్రాలతో కాచుకొని ఉన్నవారు దర్శకుని మాట కోసం ఎదురుచూడక అతనిపై దూకుతారు.

ఈ లెక్క లేనిచోట ఏమవుతుందో మన సినిమాచరిత్ర చెబుతుంది. 1957లో విడుదలైన 'మదర్ ఇండియా' చిత్రీకరణలో, గుజరాత్‌లో, గడ్డివాముల మంటలు వేగంగా వ్యాపించి నర్గీస్ నడుమ చిక్కుకున్నది. సునీల్ దత్ దూరి ఆమెను కాపాడి, తాను గాయపడ్డాడు. మరుసటి సంవత్సరం వారి వివాహం జరిగింది. దానిని ప్రేమకథగా చెప్పుకోవడం మనకు అలవాటు. కాపాడే పని ఒక నటుడిమీద పడిందన్న సంగతి ఆ తీపిలో మరుగున పడుతుంది.

మైసూరు కథలో తీపి లేదు. 1989 ఫిబ్రవరి 8న ప్రీమియర్ స్టూడియోలో, 'ద స్వోర్డ్ ఆఫ్ టిపు సుల్తాన్' ధారావాహిక సెట్టు తగులబడి 62 మంది మరణించారు. నటుడు, దర్శకుడు అయిన సంజయ్ ఖాన్‌కు డెబ్బైకి పైగా శస్త్రచికిత్సలు చేయవలసివచ్చింది. వదులైన విద్యుత్ తీగలు, గాలి బయటకు పోవడానికి దారిలేని గోడలు, వాటికి బిగించిన గోనెపట్టాలు, భారీ దీపాల వేడి కారణాలుగా తేలాయి. గోనెపట్టాను అక్కడ ఎవరు నిప్పుగా తలచారు?

అనువాదం వృత్తిగా గల నాకు ఇక్కడ బెంజమిన్ లీ వోర్ఫ్ గుర్తుకు వస్తాడు. భాషాశాస్త్రవేత్త అయిన ఆయన అమెరికాలో ఒక అగ్నిబీమా సంస్థలో పనిచేసేవాడు. పెట్రోలు నిండిన పీపాల దగ్గర జనం ఎంతో జాగ్రత్తగా ఉండేవారు. ఖాళీ పీపాల దగ్గర మాత్రం నిశ్చింతగా పొగ తాగేవారు. ఖాళీ పీపాలో మిగిలే ఆవిరే మరింత ప్రమాదకరమని వోర్ఫ్ గమనించాడు. 'ఖాళీ' అన్న మాట వారిని మోసగించింది.

డూపు ఒంటిమీది మంటను అందరూ మంట అనే పిలుస్తారు. అందుకే దానికి కాపలా ఉంటుంది. ప్రాణాలు తీసేది వేరే పేరుతో పిలిచిన నిప్పు.

మా వసంత్ కుంజ్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో, గ్రీన్ పార్కులో, ఉపహార్ సినిమా హాలు ఉండేది. 1997 జూన్ 13న 'బోర్డర్' చిత్రం నడుస్తుండగా కింద ఉన్న ట్రాన్స్‌ఫార్మరు అంటుకొని, పొగ బాల్కనీని కమ్మింది. బయటపడే దారిని అదనపు కుర్చీలు మూసివేశాయి. 59 మంది ప్రేక్షకులు ప్రాణాలు విడిచారు. దారికి 'సీటు' అని పేరు పెట్టిన ఫలితమది.

మేనల్లుడికి చివరకు ఇలా జవాబు చెప్పాను: "కాలలేదు నాయనా. ఎందుకంటే అతను కాలిపోగలడని అక్కడున్నవాళ్ళందరూ ముందే నమ్మారు."