ఏజెన్సీలో తప్పే షుగరు లెక్క

పరగడుపున ఉండనవసరం లేకుండా ఏ వేళలోనైనా తీసిన ఒక్క నమూనాతో మధుమేహాన్ని తేల్చే హెచ్‌బీఏ1సీ పరీక్షను 2010లో అమెరికా డయాబెటిస్ సంఘం, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించి, 6.5 శాతాన్ని హద్దుగా నిర్ణయించాయి. జనం ‘మూడు నెలల షుగరు’ అనే ఈ పరీక్ష ఎర్రరక్తకణంలోని హిమోగ్లోబిన్‌కు గ్లూకోజు ఎంత అంటుకున్నదో చెబుతుంది. కణం సుమారు 120 రోజులు బతుకుతుందన్న లెక్క మీదే అది ఆధారపడింది. ఆదిలాబాద్ ఏజెన్సీలో చాలామంది విషయంలో ఆ లెక్క నిలవదు.

ఉట్నూరు, ఇంద్రవెల్లి, తిర్యాణి వైపు గోండు, కొలాం, పర్ధాన్ కుటుంబాల్లో సికిల్ సెల్ జన్యువు ఉంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ అది సంక్రమించినవారిలో ఎర్రకణం 10 నుంచి 20 రోజులకే చితికిపోతుంది, అందుకే అంకె తగ్గి కనిపిస్తుంది. పైగా వారి రక్తంలో మామూలు హిమోగ్లోబిన్ దాదాపు ఉండదు గనుక దానికి చక్కెర ఎంత అంటిందన్న ప్రశ్నకే అర్థం లేదు. ఒక్క జన్యువే మోసే వాహకుల్లో కణం ఆయుష్షు ఇంచుమించు మామూలే అయినా, యంత్రం పనిచేసే పద్ధతిని బట్టి అంకె మారవచ్చు. వైవాక్స్ మలేరియాకు ప్రైమాక్విన్ రాసేముందు వైద్యులు ఆలోచించే జీ6పీడీ ఎంజైము లోపం కూడా ఈ అంకెను కిందికి లాగగలదు, కానీ షుగరు రిపోర్టు చదివేటప్పుడు అది ఎవరికీ గుర్తుకు రాదు. కరీంనగర్ మైదానంలో తప్పు ఎదురు దిక్కుకు పోతుంది: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నది, అది ఇనుము లోపం వల్ల వచ్చినదైతే అంకె ఉన్నదానికన్నా పెరిగి కనిపిస్తుంది. ఉట్నూరులో 6.2 వెనుక మధుమేహం దాగి ఉండవచ్చు, జగిత్యాలలో 6.6 వెనుక అది లేకపోవచ్చు.

అలాగని ఈ పరీక్షను ఎంచుకోవడం సోమరితనం కాదు. 2021 జూన్‌లో జిల్లాల్లో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ హబ్‌లు మొదలైనప్పటి నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నమూనాలు వాహనాల్లో దూరం ప్రయాణిస్తున్నాయి. వేరుచేయని రక్తంలో గ్లూకోజు గంటకు 5 నుంచి 7 శాతం తరిగిపోతుంది, హెచ్‌బీఏ1సీ మాత్రం చెక్కుచెదరదు. అందుచేత ప్లాస్మాను ఆరోగ్య కేంద్రంలోనే వేరుచేసి పంపే ఏర్పాటు లేనిదే, పరగడుపు పరీక్షనో 75 గ్రాముల గ్లూకోజు తాగించి 2 గంటలకు చేసే పరీక్షనో వాడమని వైద్యులకు చెప్పడం వట్టి మాటే అవుతుంది. గ్లూకోమీటరూ దిక్కు కాదు, రక్తహీనత దాని అంకెనూ మారుస్తుంది.

2023 జులై 1న షాడోల్‌లో ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ మిషన్ 40 ఏళ్ల లోపువారిని పరీక్షించి కార్డులిస్తోంది. ఆ కార్డు ఇప్పటిదాకా పెళ్లి సంబంధాలకే అక్కరకొస్తుందనుకుంటున్నారు. మధుమేహ పరీక్షలు మొదలయ్యేది 30 ఏళ్లకు, వ్యాధి ఎక్కువగా బయటపడేది 40 దాటాక, అంటే ఎవరి రిపోర్టు చదవడానికి సికిల్ సమాచారం అవసరమో వారే మిషన్ పరిధికి ఆవల ఉన్నారు. ఏజెన్సీలో 40 దాటిన వ్యక్తికి తొలిసారి హెచ్‌బీఏ1సీ చేసేటప్పుడు రక్తకణాల లెక్క, సికిల్ పరీక్ష కూడా చేయాలి. మూడింటికీ ఊదారంగు మూత ఉన్న అదే గొట్టంలోని రక్తం చాలు.